మాలపల్లి వ్రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు

మన ప్రాంతములలో ఊరు వేరు, పల్లె వేరు. ఊరనగా రచ్చబండ, గుడి, కరణముగారి లోగిలి. పల్లె యనగా ఊరికి ఎడముగా, చేల గట్టున ఉన్న గుడిసెలు. వెనుకటి కవులు రాజుల నగరములను, ఉద్యానవనములను కావలసినంత వర్ణించిరి గాని పల్లెవైపు చూచిన కవి అరుదు. ఆ పల్లె పేరునే పుస్తకమునకు పెట్టి, దానిమూలమున ప్రభుత్వ కోపమునకు పాత్రుడైన ఒక బ్రాహ్మణుని జీవితమును ఈ నెల తెలిసికొందము.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన గుంటూరు జిల్లా వేములూరుపాడు గ్రామములో జన్మించిరి. చదువు ముగించి గుంటూరులో వకీలు పని ప్రారంభించిరి. చేతిలో మంచి వృత్తి యున్నది, కులములో గౌరవమున్నది. ఆయన అంతటితో తృప్తిపడి కూర్చుండవలసినది. కాని అప్పటికే కందుకూరి వీరేశలింగం పంతులుగారు వితంతువులకు తిరిగి వివాహములు చేయించుచు దేశమును కదలించుచుండిరి. ఆ మార్గము లక్ష్మీనారాయణగారిని ఆకర్షించెను. ఆయనయు, ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారును గుంటూరులో ఆ పని నెత్తిన వేసికొనిరి. ఆ దినములలో అట్టి పెండ్లికి వెళ్లి భోజనము చేసినవాడు సయితము కులములో వెలికి గురియయ్యెడివాడు. పురోహితుడు దొరకడు, చాకలి రాడు, బంధువులు గడప తొక్కరు. తన కులమువారిచేత దూరము చేయబడుట ఎట్లుండునో ఆయన ఈ విధముగా కొంత రుచి చూచెను. పల్లెవారి బాధను తెలిసికొనుటకు ఇది చాలదు గాని, ఒక వాకిలి తెరచియుండవచ్చునని నా తలంపు.

పిమ్మట ఆయన బారిష్టరు చదువుకొరకు ఐర్లండు దేశమందలి డబ్లిను నగరమునకు వెళ్లిరి. ఐర్లండువారు ఆంగ్ల ప్రభుత్వముతో పోరాడుచుండిన కాలమది. తిరిగి వచ్చినవారికి మద్రాసులో పెద్ద వకీలుగా ధనము సంపాదించుకొను దారి తెరచియే యున్నది. ఆయన ఆ దారిన ఎంతో కాలము నడువలేదు. గాంధీగారు సహాయనిరాకరణకు పిలుపు ఇయ్యగా వృత్తిని విడిచి కాంగ్రెసులో ప్రవేశించిరి.

1921లో పలనాటిలో పుల్లరి గొడవ పుట్టెను. పలనాడు మెట్టదేశము. వానలు తక్కువ, పంట తక్కువ. అక్కడి రైతునకు పశువులే ఆధారము, పశువులకు అడవియే ఆధారము. తాతముత్తాతలనాటినుండి స్వేచ్ఛగా మేపుకొనిన అడవిని ప్రభుత్వము తన స్వాధీనము చేసికొని, మేపుటకు పన్ను విధించెను. దానినే పుల్లరి యనిరి. పన్ను కట్టకుండ మందలను అడవిలోనికి తోలితే పశువులను పట్టుకొని బందెలదొడ్డిలో పెట్టుదురు. కరవు దినములలో పసులమేతకు రూకలు ఎక్కడనుండి తేగలరు? రైతులు పుల్లరి చెల్లించుట మానివేసిరి. అధికారులకు గ్రామములలో ఏ సాయమును చేయకుండ కట్టుబాటు చేసికొనిరి. పరిస్థితిని చూచి ప్రజలకు దారి చెప్పుటకై కాంగ్రెసువారు లక్ష్మీనారాయణగారిని, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులుగారిని అక్కడికి పంపిరి. ప్రభుత్వము ఇద్దరిని నిర్బంధించెను. జామీను ఇచ్చి సత్ప్రవర్తనకు పూచీ వ్రాసినయెడల విడిచిపెట్టుదురు. వారు వ్రాయలేదు. ఏడాది శిక్ష పడెను. ఆయన జైలులో ఉండగానే, 1922లో, మించాలపాడు వద్ద కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలియయ్యెను.

రాయవేలూరు జైలులో చేరిన లక్ష్మీనారాయణగారు కాగితము, కలము తీసికొనిరి. అక్కడ వ్రాసినదే మాలపల్లి. దీనికి సంగవిజయమను మరియొక పేరును కలదు.

కథ మంగళాపురము అను గ్రామములో నడచును. రామదాసు కొంచెము భూమిగల మాల రైతు, భక్తుడు, శాంతమూర్తి. అతని కుమారుడు సంగదాసు ఊరి మోతుబరియైన చౌదరయ్య యొద్ద పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడు సంగదాసునకు ప్రాణస్నేహితుడు. ఇంతవరకు ఊరును పల్లెయు ఒకరి నొకరు ప్రేమించుచున్నట్లే కనబడును. కూలివారు న్యాయమైన కూలి కావలెనని పని నిలిపినప్పుడు అసలు సంగతి బయటపడెను. కూలివారి పక్షమున నిలిచిన సంగదాసును చౌదరయ్య కోపావేశములో కొట్టి చంపెను. అన్నయైన వెంకటదాసు శాంతమును విడిచి తక్కెళ్ల జగ్గడను పేరుతో దోపిడిగాడయ్యెను. ఉన్నవారి యొద్ద దోచి లేనివారికి పంచెను. తండ్రి మార్గము ఒకటి, కుమారుని మార్గము మరియొకటి. గ్రంథకర్త మనస్సు తండ్రివైపే యున్నను కుమారుని నోటికి తాళము వేయలేదు. ఈ పుస్తకములో నాకు మిక్కిలి నచ్చినది ఇదే. పాలేళ్లు మాటలాడు చోట పాలేళ్ల మాటయే వినబడును. గ్రాంథికములో వ్రాయనిది పుస్తకమే కాదను పండితులున్న రోజులవి!

మన సంఘస్థులు చదువుటకు కొంచెము కష్టముగా నుండు భాగమును ఇందులో నున్నది. రామదాసు కుటుంబమును నేరస్థుల సెటిల్‌మెంటుకు పంపుదురు. ఆ కాలమున ప్రభుత్వము కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలని చట్టముచేసి, వారిని ఒకచోట కట్టడిలో ఉంచి, పలుచోట్ల ఆ పనిని ముక్తిఫౌజు అను క్రైస్తవ మిషనుకు అప్పగించెను. బాపట్ల ప్రాంతములోని స్టూవర్టుపురము అట్లు ఏర్పడినదే. అక్కడివారికి పనియు, బడియు చూపిన మాట నిజమే. ప్రతిదినము హాజరు చెప్పవలసిన మనుష్యునికి అది చెరసాలగానే తోచినదనుటయు నిజమే. లక్ష్మీనారాయణగారు ఆ రెండవ సంగతిని దాచలేదు. దానిని చదివి నొచ్చుకొనుటకంటె, అక్కడ ఉంచబడినవారి వైపునుండి ఒకసారి చూచుట మేలు.

1922లో బెల్లంకొండ రాఘవరావుగారు ఈ గ్రంథమును అచ్చువేయించిరి. కొద్దికాలమునకే మద్రాసు ప్రభుత్వము దీనిని నిషేధించెను. కూలివారిని రెచ్చగొట్టును, బోల్షివిక్కుల భావములను వ్యాపింపజేయునని అధికారుల భయము. ఆలోచించి చూడుడి: తుపాకులు, జైళ్లు, సైన్యములు గల ప్రభుత్వము ఒక పాలేరు కథకు జడిసెను. శాసనసభలో ఈ విషయమై చర్చ జరిగెను. 1928లో కొన్ని మార్పులతో గ్రంథమునకు అనుమతి దొరికెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు దానిని పాఠ్యగ్రంథముగా పెట్టగా, 1936లో మరల నిషేధము వచ్చెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఏర్పడిన తరువాతనే ఆ ఆజ్ఞ రద్దయ్యెను.

ఇది పల్లె బయటివాడు వ్రాసిన పల్లె కథ యని కొందరందురు. ఆ మాటలో సత్యమున్నది. రామదాసు నోట వచ్చు వేదాంతములో బ్రాహ్మణ పండితుని గొంతు అప్పుడప్పుడు వినబడుచునే యుండును. పల్లె తన గొంతుతో తాను పలుకుటకు ఇంకను కొంత కాలము పట్టెను. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబమున పుట్టిన గుఱ్ఱం జాషువాగారు 1941లో గబ్బిలము ప్రకటించిరి. అది లోపలివాని వేదన. రెంటిని ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టుకొని చదివినవారికి తేడా తానే తెలియును. అయినను తన కులమువారు తలుపు మూసికొనిన చోట నిలువబడి, ముందుగా ఆ తలుపు తట్టినవానిని తక్కువ చేయుట న్యాయము కాదు.

లక్ష్మీనారాయణ దంపతులు 1922లో గుంటూరులో శారదానికేతనమను విద్యాలయమును స్థాపించి, దిక్కులేని స్త్రీలకును బాలికలకును చదువు చెప్పించిరి. ఈ పనిలో ఎక్కువ భారము మోసినది లక్ష్మీబాయమ్మగారే. 1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చినప్పుడు ఆమెయు జైలుకు వెళ్లిరి. బ్రహ్మనాయుడు, నాగమ్మల కాలపు పలనాటి కథను తీసికొని ఆయన నాయకురాలు అను నాటకమును వ్రాసిరి. స్వరాజ్యము వచ్చినది చూచిరి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది చూచిరి. పదవులకు ప్రాకులాడినవారు కారు. 1958 సెప్టెంబరు 25న, ఎనుబది యేండ్ల వయస్సులో కన్నుమూసిరి.

మాలపల్లి ఇప్పటికిని అచ్చగుచునే యున్నది. పుస్తకము పెద్దది, మొదటి పుటలు నెమ్మదిగా సాగును. ఇంటిలో చదువరి ఒక్కరున్నను చాలును. రాత్రి భోజనములైన పిమ్మట కొన్ని పుటల చొప్పున పైకి చదివించుకొనవచ్చును.