స్టువర్టుపురం వెనుక ఒక ఫకీరు

బాపట్ల నుండి చీరాలకు రైలులో పోయేవారికి దారిలో స్టువర్టుపురం అనే చిన్న స్టేషను కనిపిస్తుంది. ఆ పేరు చెవిన పడగానే దొంగల కథలూ, చలనచిత్రాలూ స్ఫురించడం మనకు అలవాటైపోయింది. ఆ ఊరి పుట్టుకకు లండను పేదలను గురించిన ఒక గ్రంథం మూలమనీ, దాని ఆశయాన్ని ఈ దేశానికి మోసుకొని వచ్చినవాడు కాషాయం కట్టిన ఒక ఆంగ్లేయుడనీ ఎరిగినవారు తక్కువ.

ఫ్రెడరిక్ టక్కర్ 1853లో బీహారులోని ముంగేరులో జన్మించాడు. ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి పంజాబులో అధికారం నెరపుతూండగా సాల్వేషన్ ఆర్మీవారి పత్రిక ఆయన చేతికి వచ్చింది. 1881లో కొలువుకు స్వస్తి చెప్పాడు. మరుసటి ఏడు బొంబాయిలో దిగి, తలపాగా చుట్టి, చెప్పులు విడిచి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకొని భిక్షాన్నంతో గడిపాడు. వీధులలో ఊరేగింపులు జరిపి చెరసాల పాలయ్యాడు కూడా. దొరతనాన్ని అంత తేలికగా వదులుకొన్న దొరలు ఎందరున్నారు! 1888లో ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ కుమార్తె ఎమ్మాను వివాహమాడి, మామగారి ఇంటిపేరును తన పేరుకు చేర్చుకొన్నాడు.

ఆ మామగారే 1890లో ఇన్ డార్కెస్ట్ ఇంగ్లండ్ అండ్ ది వే అవుట్ అనే గ్రంథాన్ని ప్రకటించాడు. లండను బండిగుర్రానికి దక్కేపాటి నీడ, దాణా, పని నిరుపేదకు దక్కడం లేదని ఆయన వాదం. అట్టివారిని మొదట పట్టణ శరణాలయాలలోనూ, పిదప వ్యవసాయ క్షేత్రాలలోనూ నిలిపి, తుదకు సముద్రాంతర సీమలకు పంపాలన్నది పథకం. అల్లుడు అమెరికాలో అటువంటి క్షేత్రాలను నెలకొల్పాడు. అక్కడే 1903లో రైలు ప్రమాదంలో ఎమ్మాను పోగొట్టుకొన్నాడు. 1907లో మరల మన దేశం చేరాడు.

ఇక్కడ ఆ పథకం స్వరూపమే మారింది. మన ఎరుకలవారు పూర్వం గాడిదల మీదా, ఎద్దుల మీదా ఉప్పూ ధాన్యమూ వేసుకొని ఊరూరా అమ్ముకొనేవారు. రైలు బండి వచ్చి ఆ వర్తకాన్ని కాజేసింది. బ్రతుకుతెరువు పోయినవారి మీద నేరజాతి అనే ముద్ర పడింది. 1911 నాటి చట్టం ఆ ముద్రను మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చింది. వారిని సంస్కరించే భారాన్ని బూత్ టక్కర్ కోరి తలకెత్తుకొన్నాడు. 1913 ప్రాంతంలో బాపట్ల చెంత వెలసిన సెటిల్మెంటుకు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు.

భూమి ఇచ్చారు, బడి పెట్టారు. చీరాల పొగాకు కంపెనీలో కూలి దొరికింది. అంతవరకు బాగే. కాని హాజరు పిలిచినప్పుడు పలకాలి. చీటీ లేనిదే పొలిమేర దాటరాదు. లండను పేదవాడు మామగారి క్షేత్రానికి తన ఇష్టంతో వెళ్ళేవాడు, నచ్చకుంటే వచ్చేసేవాడు. ఎరుకలవానికి ఆ వీలు లేదు. నేరాన్ని ఒక వ్యాధిగా ఎంచి, దానికి చికిత్స చెబుతూ క్రిమినోక్యూరాలజీ అనే పుస్తకం వ్రాసినవాడికి, రోగి అంగీకారం మాట తోచినట్లు లేదు. అధికారపు దుస్తులను పంజాబులో విడిచివచ్చిన ఫకీరు బాపట్ల ఇసుకలో వాటిని మళ్ళీ తొడుక్కొన్నాడా అని మనకు అనిపించక మానదు.

1919లో ఈ దేశపు బాధ్యతలు విరమించి వెళ్ళిన ఆయన 1929లో లండనులో కన్నుమూశాడు. నేరజాతుల చట్టం దేశమంతటా తొలగిపోయేసరికి 1952 వచ్చింది.