జీర్ణోద్ధారక శ్రేష్ఠి కస్తూర్‌భాయి లాల్‌భాయి

ఎన్నూరు, షావుకారుపేట ప్రాంతముల మన కుటుంబములవారికి పుళల్‌లోని ఆదినాథస్వామి సన్నిధి దగ్గరి తీర్థము. తెలంగాణమునకు పోయినవారు కొలనుపాక మాణిక్యస్వామిని సేవింపక తిరిగి రారు. రెండును ప్రాచీన క్షేత్రములే, రెండింటికిని జీర్ణోద్ధారము జరిగినదే. పాత ఆలయమును బాగుచేయ పూనుకొన్న ప్రతి సంఘమునకును ఒక చిక్కు ఎదురగును. ఏ రాతిని ఉంచవలెను, దేనిని తీసివేయవలెను? సున్నము కొట్టి, రంగు పూసి, పలకమీద దాతల పేర్లు చెక్కించి పని ముగించుట సులభము. అంతకంటె కష్టమైన దారిని పట్టి, యాభై ఏండ్లపాటు దానిని విడువక నడచినవారు అహమదాబాదు మిల్లు యజమాని శేఠ్ కస్తూర్‌భాయి లాల్‌భాయి.

వారు 1894 డిసెంబరు 19వ తేదీన అహమదాబాదులో జన్మించిరి. తండ్రి లాల్‌భాయి దల్పత్‌భాయి, తల్లి మోహినీబెన్. వారిది 17వ శతాబ్దమున మొగలు దర్బారునకు నగలు అమ్మిన శాంతిదాస్ ఝవేరీ వంశము. ఆ శాంతిదాసు సరస్‌పూర్‌లో చింతామణి పార్శ్వనాథునకు గొప్ప ఆలయము కట్టించెను. 1645లో గుజరాతు సుబేదారుగా నుండిన ఔరంగజేబు దానిని అపవిత్రము చేసి మసీదుగా మార్పించెను. శాంతిదాసు షాజహాను పాదుషాకు మొరపెట్టుకొనగా, కట్టడమును తిరిగి అప్పగింపవలసినదని 1648లో ఫర్మానా వచ్చెను. కాగితము వచ్చెనే గాని ఆలయమునకు పూర్వవైభవము రాలేదు. ఆ వంశమున పుట్టిన బిడ్డ ఈ కథ వినకుండ పెరుగుట సాధ్యము కాదు.

1912లో తండ్రి కాలము చేయునాటికి కస్తూర్‌భాయికి పదునేడేండ్లు. గుజరాత్ కాలేజీలో చదువు అప్పుడే మొదలుపెట్టి యుండిరి. ఆ చదువు అంతటితో ఆగెను, రాయపూర్ మిల్లు భారము నెత్తిన పడెను. దూది కొనుగోలు మిల్లునకు ప్రాణమని గ్రహించి, ఆ విద్యను వారు స్వయముగా నేర్చుకొనిరి. తరువాతి కథ వర్తకులందరు ఎరిగినదే. అశోకా మిల్లు, 1931లో స్వదేశీ ఉద్యమపు వేడిలో విదేశపు సన్న బట్టకు పోటీగా అరవింద్ మిల్లు, స్వాతంత్ర్యము వచ్చిన ఏట వల్సాడ్ దగ్గర రంగుల తయారీకి అతుల్ కర్మాగారము వెలసెను. 1934లో భారత వర్తక పరిశ్రమల సమాఖ్యకు అధ్యక్షులైరి. చాలకాలము రిజర్వు బ్యాంకు డైరెక్టర్లలో ఒకరుగా ఉండిరి. దేశవిభజనవలన కరాచీ రేవు పోగా, దానికి బదులు కాండ్లాను ఎన్నిక చేసిన సంఘమునకు వారే అధ్యక్షులు.

వీరు మెత్తని మనిషి కారు. 1936లో అహమదాబాదు మిల్లు కార్మికుల కూలి తగ్గించు విషయమున తగవు వచ్చినప్పుడు, పంచాయతీలో కార్మికుల పక్షమున గాంధీమహాత్ముడు, మిల్లుదారుల పక్షమున కస్తూర్‌భాయి కూర్చుండిరి. ఇరువురికి ఏకాభిప్రాయము కుదరలేదు. మహాత్ముడంతటివాని ఎదుటను తమ లెక్క తాము విడువలేదు. చివరకు మధ్యవర్తి తీర్పు మిల్లుదారులకు అనుకూలముగా రాలేదు. ధర్మకార్యములకు పూనినవారు వ్యాపారములోను అందరిని మెప్పించిరని వ్రాయుట మన సంచికలలో అలవాటు గాని, ఈ జీవితమునకు అట్టి పూత అక్కరలేదు.

ఇక తీర్థముల సంగతి. శత్రుంజయము మొదలగు క్షేత్రముల నిర్వహణము ఆనందజీ కల్యాణజీ పేఢీ చేతిలో ఉన్నది. ఆనందజీ, కల్యాణజీ అను మనుష్యులెవ్వరును లేరు. అంగడికి శుభమైన పేరు పెట్టినట్లే మనవారు దేవుని పేఢీకి కూడ ఆనందము, కల్యాణము అను పేర్లు పెట్టుకొనిరి. 1920లలోనే ఈ పేఢీ పెద్దరికము కస్తూర్‌భాయికి వచ్చెను. వచ్చుటయే గొప్ప సంకటముతో వచ్చెను.

కొండ క్రింది పాలితాణా సంస్థానమునకు జైనులు ఏటా 15,000 రూపాయలు చెల్లించునట్లు 1886లో కుదిరిన నలువదేండ్ల ఒడంబడిక 1926లో ముగిసెను. ఠాకూరు యాత్రికుల తలపన్ను మరల వేయదలచెను. బ్రిటిషు ఏజెంటు వాట్సన్ ఏటా లక్ష రూపాయలని తీర్పు చెప్పెను. సంఘమునకు మిగిలిన మార్గము ఒక్కటే. 1926 ఏప్రిల్ 1వ తేదీ మొదలు యాత్ర మానుకొనిరి. రెండేండ్లు దాటువరకు ఆ కొండమీదికి యాత్రికుడు పోలేదు. కార్తీక పూర్ణిమలు రెండు వచ్చిపోయెను. దర్శనము లేకుండ ప్రాణము విడిచిన వృద్ధులెందరో. నిషేధము పెట్టుట ఒక యెత్తు, దేశమంతటి జైనులచేత రెండేండ్లు దానిని పాటింపజేయుట వేరొక యెత్తు. తుదకు 1928 మే నెలలో సిమ్లాలో వైస్రాయి ఇర్విన్ సమక్షమున, ఏటా 60,000 రూపాయల చొప్పున 35 ఏండ్లకు రాజీ కుదిరెను. బేరము చేసిన పెద్దలలో ముప్పదిమూడేండ్ల కస్తూర్‌భాయి ముఖ్యులు. నాలుగింతల సొమ్ము ఒప్పుకొంటిరని గొణిగినవారు లేకపోలేదు. కాని తలకొక రుసుము అను మాట పోయెను, కొండ తెరువబడెను.

కొండ దక్కిన తరువాత కొండమీది రాళ్ల సంగతి వచ్చెను. మొదట చేపట్టినది రాణక్‌పూర్. 15వ శతాబ్దమున ధరణాశా అను పోర్వాడ శ్రేష్ఠి కట్టించిన ఆ చతుర్ముఖ ఆలయములో 1,444 స్తంభములు కలవని ప్రసిద్ధి. ఆరావళి అడవిలో చాలకాలము దిక్కులేక పడియుండుటచే గబ్బిలములు, పావురములు చేరెను. దొంగల భయమునకు యాత్రికులు పోవుట తగ్గెను. 1930లలో మొదలుపెట్టి సుమారు రెండువందలమంది పనివాండ్రతో పదకొండేండ్లు పని జరిపించిరి. ఏ దూలము పగిలినది, ఏ స్తంభము ఒరిగినది, ఎంత రాయి కావలెను అని ముందుగా లెక్క వేయించి, తరువాతనే ఉలి పట్టించిరి. మిల్లులో యంత్రము విప్పినవాడు ఏ మర ఏ చోటిదో గుర్తు వ్రాసికొనును గదా! ఇదియు అట్టి పనియే. 1953లో మరల ప్రతిష్ఠ జరిగెను. నేడు ఆ ఆలయము చూచుటకు ప్రపంచమంతటినుండి జనము వచ్చుచున్నారు.

ఆబూ దిల్వాడా పని దీనికంటె సూక్ష్మమైనది. 1031లో విమలశా కట్టించిన విమలవసహి, 1230లో వస్తుపాల తేజపాల సోదరులు కట్టించిన లూణవసహి అందున్నవి. 1311లో దండయాత్రకు విమలవసహి దెబ్బతినగా పదేండ్లకు శ్రావకులే బాగుచేయించిరి. అప్పటి అతుకులు ఇప్పటికిని కంటికి తెలియును, మొదటి పని అంతటి నేర్పు వానిలో లేదు. ఈ తేడా కస్తూర్‌భాయిని బాధించెను. తమ కాలమున వేయు అతుకు అట్లు తెలియరాదని నియమము పెట్టుకొనిరి. విమలశా వాడిన పాలరాయి అంబాజీ దగ్గరి ఆరాసుర కొండలది. కొత్త రాయియు ఆ జాతిదే కావలెనని పట్టుబట్టిరి. తక్కువ వెలకు దొరకు రాయి వద్దనిరి. వంశపారంపర్యముగా ఆలయములు కట్టు సోంపురా శిల్పులను పిలిపించి, పాత తామరరేకు ప్రక్కన కొత్త రేకు చెక్కించి పోల్చి చూపించిరి. 1950లు, 60లు ఈ పనిలోనే గడచెను. తమ స్వంతమునకు కాసు వృథా కానీయని మనిషియని వారికి పేరు. అట్టివారు ఇక్కడ కాలమునకు గాని ధనమునకు గాని వెనుకాడలేదు. కుంభారియా, తారంగా క్షేత్రములకును ఈ పద్ధతినే పేఢీ అనుసరించెను.

రాతితోపాటు తాళపత్రమును వారు మరువలేదు. ముని శ్రీ పుణ్యవిజయజీ మహారాజ్ పోగుచేసిన వేలకొలది వ్రాతప్రతులు ఆధారముగా, 1950లలో తండ్రి పేర అహమదాబాదులో లాల్‌భాయి దల్పత్‌భాయి భారతీయ విద్యామందిరము నెలకొల్పిరి. భండారములలో చెదలకు ఆహారము కావలసిన గ్రంథములు అక్కడ విద్వాంసుల చేతికి వచ్చెను. 1969లో ప్రభుత్వము వారికి పద్మభూషణ్ ఇచ్చెను.

వయస్సు మీరినకొలది మిల్లుల పనిని తమ్ములకు, బిడ్డలకు అప్పగించుచు వచ్చిరి గాని, శత్రుంజయపు పనిని మాత్రము తామే పట్టుకొనియుండిరి. అన్నిటికంటె పెద్ద పరీక్ష అక్కడనే ఎదురయ్యెను. దాదా ఆదీశ్వరుని మూలాలయమును 12వ శతాబ్దమున బాహడమంత్రి రాతితో కట్టించెను. 1315లో సమరాశా, 1531లో కర్మాశా ఉద్ధరించిరి. ఆ తరువాత నాలుగు శతాబ్దములలో భక్తులు తమతమ పేర చిన్నచిన్న దేరీలు కట్టించి, గోడలకు ఆనించి విగ్రహములను నిలిపిరి. శిల్పములమీద సున్నపు పూత మీద పూత పడెను. గుడి ఉన్నది, గుడి అందము కనబడదు. పూత గీచివేయుటకు ఎవ్వరును అడ్డుచెప్పలేదు. పూత క్రిందనుండి శిల్పములు బయటపడగా చూచినవారు ఆశ్చర్యపడిరి. కాని గోడలను మరుగుపరచిన దేరీలను తొలగింపవలెనన్నచో, వానిలోని విగ్రహములను కదలింపవలెను.

సంఘమున కలత పుట్టెను. ప్రతిష్ఠ జరిగిన బింబమును కదలించు అధికారము ఎవరిది? తాతగారు పూజించిన దేవుని స్థానమును శిల్పసౌందర్యము కొరకు మార్చవచ్చునా? ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ప్రతి విగ్రహము వెనుక ఒక కుటుంబపు మ్రొక్కు, ఒక తల్లి కన్నీరు ఉన్నవి. మరొక వైపు, ఇట్లే విడిచినచో ఇంకొక వంద యేండ్లకు బాహడమంత్రి గుడి కంటికి దొరకదు. కస్తూర్‌భాయి నింద మోయుటకు సిద్ధపడిరి. ఆచార్య మహారాజుల ఆమోదము పొంది, విగ్రహములను విధిపూర్వకముగా తీయించిరి. వానిని మూలపెట్టలేదు. కొండమీదనే, దాదావారి ఆవరణములోనే, వానికని కొత్తగా ఆలయము కట్టించిరి. 1976లో 500కు పైగా విగ్రహములకు అందు మరల ప్రతిష్ఠ జరిగెను. అప్పటికి కస్తూర్‌భాయికి ఎనుబదియొక్క యేండ్లు.

తరువాత పేఢీ బాధ్యతను కుమారుడు శ్రేణిక్‌భాయి స్వీకరించిరి. 1980 జనవరి 20వ తేదీన కస్తూర్‌భాయి అహమదాబాదులో దేహము చాలించిరి. తొలగింపబడిన ఆ విగ్రహములున్న చోటును నవీ టూంక్ అందురు. మెట్లెక్కి పోయిన యాత్రికులు దాదావారిని సేవించి, అక్కడను పూజ చేసికొని దిగుచున్నారు.