నల్లని పలకపై పల్లె వెలుగు

ఆంగ్లదేశమున సఫోక్ మండలమందు, స్టూర్ నది లోయ చెంత, ఈస్ట్ బర్గోల్ట్ అను గ్రామము కలదు. జాన్ కానిస్టబుల్ 1776 జూన్ 11వ తేదీన అచ్చట జన్మించెను. తండ్రి గోల్డింగ్ కానిస్టబుల్ సంపన్నుడగు ధాన్యవర్తకుడు. ఫ్లాట్‌ఫర్డ్, డెడ్‌హామ్‌లలోని పిండిమరలు ఆయన ఆధీనమున నుండెను. గాలిమరను నడుపువాడు మబ్బు కదలికను, గాలి మళ్లింపును కనిపెట్టి యుండవలెను. కొంతకాలము తండ్రి మరలో పనిచేసిన ఆ బాలునకు ఆకాశమును పరికించు అలవాటు అట్లే అబ్బెను.

1799లో అతడు లండన్‌లోని రాయల్ అకాడమీ పాఠశాలలో చేరెను. ఆనాటి కళాలోకము పురాణగాథలకును, వీరచరిత్రములకును పెద్దపీట వేయుచుండెను. పల్లెపట్టు దృశ్యములు తక్కువ తరగతి వస్తువులుగా ఎంచబడుచుండెను. అయినను కానిస్టబుల్ తన ఊరి కాలువలను, పడవలను, తడిసిన పచ్చికను విడువలేదు. అందుచే గుర్తింపు మిక్కిలి ఆలస్యముగా లభించెను. మరియా బిక్నెల్ అను కన్యను ప్రేమించి, ఆమె పెద్దల అభ్యంతరము వలన ఏడేండ్లు వేచియుండి, 1816లో ఆమెను వివాహమాడెను. 1821లో అకాడమీ ప్రదర్శనమున నుంచిన ‘ది హే వెయిన్’ అను గడ్డిబండి చిత్రమునకు కొనువారు దొరకలేదు. ఆ చిత్రమే 1824లో పారిస్ నగరమున స్వర్ణపతకము నందుకొనెను.

1828 నవంబరులో మరియా క్షయవ్యాధిచే మరణించెను. తల్లిలేని ఏడుగురు బిడ్డల భారము ఆయనపై బడెను. మరుసటి ఫిబ్రవరిలో, ఒక్క ఓటు ఆధిక్యముతో, అకాడమీ ఆయనను పూర్ణసభ్యునిగా ఎన్నుకొనెను. ఆ గౌరవమును చూచి సంతోషింపవలసిన ఇల్లాలు అప్పటికి లేదు.

ఆ సంవత్సరముననే ఆయన తన చిత్రములను ముద్రారూపమున లోకమునకు అందింప సంకల్పించెను. ఇందులకు ఎన్నుకొన్న చెక్కడపు శిల్పి డేవిడ్ లూకాస్, 1802లో నార్తాంప్టన్‌షైర్‌లో జన్మించినవాడు. ఎన్నుకొన్న పద్ధతి మెజోటింట్. ఈ పద్ధతిలో సన్నని పండ్లుగల ఒంపు అంచు పనిముట్టును లోహపు పలకపై అటునిటు ఊపుచు, పలక నంతటిని గరుకు చేయుదురు. అప్పుడే సిరా పూసి అచ్చువేసినచో కాగితము కటికనలుపుగా వచ్చును. వెలుగు కావలసినచోట ఆ గరుకును గోకి నునుపు చేయవలెను. ఎంత నునుపైన అంత తక్కువ సిరా నిలుచును. అంత తెలుపు తేలును. మబ్బుల అంచులకును, వానవెనుకటి కాంతికిని ఈ పద్ధతి మిక్కిలి అనువైనది.

లూకాస్ ఉక్కు పలకలపై పనిచేసెను. కానిస్టబుల్ ప్రూఫులపై తెలుపును, నలుపును దిద్ది, మరల మరల మార్పులు కోరుచు లేఖలు వ్రాసెను. ఒకప్పుడు మెచ్చుకొనును, మరొకప్పుడు విసుగుకొనును. లూకాస్ మాత్రము ఓర్పుతో గోకుచునే యుండెను. 1830 మొదలు 1832 వరకు ఐదు భాగములుగా 22 చిత్రములు వెలువడెను. ముఖచిత్రముగా కానిస్టబుల్ తన తండ్రి ఇంటినే ఉంచెను. ప్రకృతిలోని వెలుగునీడలను తెలుపుటయే ఈ సంపుటి ఉద్దేశమని పీఠికలో వివరించెను.

ఖర్చంతయు ఆయనదే. కొన్నవారు కొద్దిమందియే. ఎంతో ఆశతో చేపట్టిన పని ఆయనకు నష్టమును, మనోవ్యథను మిగిల్చెను. అయినను దానిని విడువక, పెద్ద చిత్రములను కూడ లూకాస్‌చేతనే చెక్కించెను. 1837 మార్చి 31వ తేదీ రాత్రి కానిస్టబుల్ కన్నుమూసెను. లూకాస్ మరి నలుబదినాలుగేండ్లు బ్రతికి, 1881లో ఫులామ్‌లోని వర్క్‌హౌస్‌లో, దిక్కులేని పేదలుండు చోట, ప్రాణములు విడిచెను.

నేడు ఆ ముద్రలు బ్రిటిష్ మ్యూజియము మున్నగు ప్రదర్శనశాలలలో భద్రపరుపబడియున్నవి. వానిలోని ఆకాశము కానిస్టబుల్ చూచినది. ఆ ఆకాశమునకు వెలుగు తెచ్చినది లూకాస్ చేయి. గురువులు విద్యార్థులకు ఆ పల్లె చిత్రములను చూపునప్పుడు ఇరువురి పేర్లను కలిపి చెప్పుట న్యాయము.