మైకు లేని రోజుల్లో దాసుగారి గొంతు

హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారి సంగీత సాహిత్యాల గురించి పెద్దలు చాలా రాశారు. ఫిజిక్సు చదువుతున్న నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. మైకు లేని రోజుల్లో ఒక్క గొంతు అంతమంది జనానికి ఎలా అందింది?

దాసుగారు 1864 ఆగస్టు 31న బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడలో పుట్టారు. 1883లో విజయనగరంలో కుప్పుస్వామి నాయుడుగారి హరికథ విని, ధ్రువచరిత్ర రాసి తానే గజ్జె కట్టారు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు.

పందిట్లో గోడలుండవు కనుక ప్రతిధ్వని బాధ లేదు. కానీ శబ్దాన్ని తిప్పి పంపే దిక్కూ లేదు. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. మా రామతీర్థం పొలాల్లో అవతలి గట్టు మీది మనిషిని పిలవాలంటే పేరు చివరి అచ్చును సాగదీసి కేకేస్తాం. అచ్చు దూరం పోతుంది, హల్లు దారిలోనే అరిగిపోతుంది. కేకకు అది చాలు, కథకు చాలదు. చివరి వరసలోని ముసలమ్మకు కూడా ప్రతి హల్లూ తెలియాలి. అందుకు గొంతు బలమూ, స్పష్టమైన ఉచ్చారణా రెండూ కావాలి. దాసుగారికి రెండూ ఉన్నాయి.

గోడలున్న హాలు కథ వేరు. హార్వర్డులో వాలెస్ సబైన్ అనే ఆచార్యుడు 1895లో మొదలుపెట్టి, రాత్రిళ్లు ఖాళీ హాల్లో కుర్చీ మెత్తలు పరిచి, శబ్దం ఎన్ని సెకన్లకు అణుగుతుందో కొలిచాడు. ఆ హాల్లో మాట దాదాపు ఐదున్నర సెకన్లు మోగేది. హాలు పెద్దదైతే మోత పెరుగుతుంది, గుడ్డలూ మనుషులూ దాన్ని పీల్చుకుంటారు అని తేల్చాడు. ఆ లెక్కతో కట్టిన బోస్టన్ సింఫనీ హాలును 1900లో తెరిచారు.

సబైన్ 1919లో పోయాడు. అదే ఏడు విజయనగరంలో విజయరామ గజపతిరాజుగారు గానపాఠశాల పెట్టి దాసుగారిని మొదటి ప్రిన్సిపాలుగా నియమించారు. 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి వచ్చింది. 1945 జనవరి 2న దాసుగారు కన్నుమూశారు.

ఇవాళ ఏ కల్యాణమండపానికి వెళ్లినా స్పీకర్లు పెద్దవి, మాట మాత్రం తెలియదు. నున్నటి గోడల మధ్య శబ్దం పెంచితే మోతా అంతే పెరుగుతుంది. మిత్రులారా, వచ్చే వార్షికోత్సవానికి ఇంకో రెండు స్పీకర్లు అద్దెకు తెచ్చే బదులు గోడలకు దళసరి తెరలు కట్టి చూద్దాం. దాసుగారి గొంతు మనలో ఎవరికీ లేదు కదా!