డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితచరిత్రము

కొందఱు మహనీయులు చేసిన యుపకారము ఇంటింట ననుభవింపబడుచున్నను, వారి చరిత్రము తగినంతగా దెలియకుండుట కలదు. శ్రీకాకుళ విజయనగర మండలములలో బోదకాలు వ్యాధి తరతరములుగా ప్రజలను బాధించినది. ఆ వ్యాధిక్రిములను రక్తమునందు సంహరించు మాత్ర ఒక యాంధ్రుని నాయకత్వమున నడచిన పరిశోధనాలయమునుండి వెడలినదని మనలో నెందఱెఱుగుదురు? ఆ మహాశయుని చరిత్రమును ఈ సంచికయందు సంగ్రహముగా నివేదింపదలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జగన్నాథముగారికిని వెంకమ్మగారికిని జన్మించిరి. ఇల్లు పేదది. బాల్యమున చదువుపై మనసు నిలువక, కాశికి బోయి ధనార్జన చేయ నెంచి యిల్లు వెడలగా తల్లి వెనుకకు రప్పించెను. మూడవమారు గాని మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులు కాలేదు. ఆ తల్లి పట్టుదలయే లేకున్న ఈ చరిత్ర వ్రాయవలసిన యవసరము మాకు గలుగకయే యుండును.

పిమ్మట వారు మద్రాసు వైద్యకళాశాలయందు జేరిరి. విశాఖపట్టణమున వైద్యకళాశాల 1923లో గాని వెలయలేదు. అంతవఱకు మన ప్రాంతపు విద్యార్థులును చెన్నపట్టణమునకే పోవలసియుండెడిది. జాతీయోద్యమమునం దభిమానముచే ఖద్దరు అంగీ ధరించి శస్త్రచికిత్సశాలకు బోవుటచే ఆంగ్లేయాచార్యున కాగ్రహము గలిగెను. తత్ఫలితముగా యం.బి.బి.యస్. పట్టము రాక, దానికంటె దక్కువదగు యల్.యం.యస్. పట్టమే లభించెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలయందు శరీరనిర్మాణశాస్త్రమును బోధించుచు కాలము గడపిరి. వీరి సోదరు లిద్దఱు స్ప్రూ యను ప్రేగుల వ్యాధికి బలియైరి. తినిన యన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి రోగి కృశించిపోవు ఆ వ్యాధికి నాడు మందు లేదు. ఆ దుఃఖమే వీరిని పరిశోధనకు బురికొల్పినది.

మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును, కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మనిధివారును సాయపడగా, భార్యయగు శేషగిరిగారిని స్వదేశమున విడిచి 1922 అక్టోబరులో బోస్టను నగరము చేరిరి. ఆసుపత్రిలో రాత్రివేళల చిన్న కొలువు చేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిరి. సైరస్ ఫిస్కుగారితో గలసి రక్తమునందలి భాస్వరమును గొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి. యను పదార్థమును కండరములయందు గనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీయందు లోమను పండితుడును ఏ.టి.పి.ని వేఱుగా గనుగొనెను. కండరము ముడుచుకొనుటకును, నరము వార్తను మోయుటకును, మెదడు పనిచేయుటకును గావలసిన శక్తి యీ పదార్థమునుండియే లభించునని నేడు బాలురు సైతము చదువుచున్నారు.

1940లో సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయమున బ్రవేశించి పరిశోధకబృందమునకు నాయకులైరి. 1945లో ఆ బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా దయారుచేసెను. స్ప్రూ రోగులకు దాని నీయగా రక్తము వృద్ధియై వారు కోలుకొనిరి. సోదరులను గాపాడజాలని వైద్యుడు పరులసోదరులను గాపాడగలిగెను.

ఇచ్చట నొక విషయము గమనింపదగినది. పెర్నీషియస్ అనీమియా యను పాండురోగమునందు ఈ ఔషధము రక్తమును బాగుచేసినను, వెన్నుపామునందలి నరముల క్షీణతను మాత్ర మాపలేకపోయెను. ఆ లోపమును దీర్చు బి12 విటమిను సుబ్బారావుగారు గతించిన 1948లోనే వేఱుచేయబడినది. ప్రేగులు బి12ను గ్రహింపజాలనిచో నరములు చెడుననియు, వృద్ధులయందు జ్ఞాపకశక్తి తగ్గుటకు నదియు నొక కారణము కావచ్చుననియు వైద్యులు గుర్తించిరి. గర్భధారణకు బూర్వమునుండియే ఫోలిక్ ఆమ్లము సేవించినచో శిశువుల మెదడు, వెన్నుపాముల లోపములు చాలవఱకు దప్పునని 1991లో స్థిరపడినది. గర్భిణులకు ఆసుపత్రులలో నిచ్చు మాత్రలయందు ఐరనుతో గూడియున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

1947లో బోదకాలు క్రిములపై హెట్రజాన్ అను డైయిథైల్ కార్బమజైన్ వెలువడినది. 1955లో భారతప్రభుత్వము ఫైలేరియా నివారణోద్యమము నారంభించినప్పుడును, 2004నుండి ఏటేట ఇంటింట మాత్రలు పంచినప్పుడును ఇదియే ప్రధానౌషధమైనది. ఒకమారు మిక్కుటముగా వాచిన కాలిని ఆ మాత్ర మునుపటివలె జేయజాలదు గాని, వ్యాధి యొకరినుండి దోమలద్వారా వేఱొకరికి బ్రాకకుండ జేయును. వీరి బృందమే దయారుచేసిన అమినోప్టెరిను రక్తపు క్యాన్సరుగల శిశువులకు తాత్కాలికముగ ఉపశమనము గలిగించెనని బోస్టనునందలి ఫార్బరు వైద్యుడు 1948లో వెల్లడించెను. బెంజమిన్ డగ్గరు పండితుడు కనుగొనిన ఆరియోమైసినును వీరి పరిశోధనాలయముననే వెలసినది.

1948 ఆగస్టు నెలలో, ఏబదినాలుగేండ్లైనను నిండకమునుపే సుబ్బారావుగారు నిద్రలో బరమపదించిరి. స్వదేశమునకు మరల రానేలేదు. భర్త తిరిగివచ్చునని యిరువదియైదేండ్లకు బైగా నెదురుచూచిన శేషగిరిగారి త్యాగమును దలపక వీరి కీర్తిని గొనియాడుట న్యాయము కాదని మా యభిప్రాయము. 1995లో శతజయంతికి భారత తపాలాశాఖవారు వీరి స్మారకముగ బిళ్లను వెలువరించిరి.

పరీక్షలో రెండుమార్లు తప్పిన బాలునియందు ఒక తల్లి నమ్మకముంచెను; పేదవిద్యార్థియందు ఒక ధర్మనిధి విశ్వాసముంచెను. తత్ఫలమును లోకమంతయు ననుభవించుచున్నది. కావున విద్యార్థివేతనము లిచ్చు పెద్దలు మార్కులను మాత్రమే చూడక, ఒకమారు తప్పిన బాలుని గూడ నాదరింతురు గాక యని ప్రార్థించుచున్నాము.