అమృతాంజనం సీసా వెనుక మనిషి
(కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి జీవితం)

తలనొప్పి వస్తే మన ఇళ్లలో ముందుగా వెతికేది అమృతాంజనం సీసా. పరీక్షల రోజుల్లో హాస్టల్ గదుల్లో కూడా అది ఒకరి పెట్టెలోంచి ఇంకొకరి పెట్టెలోకి తిరుగుతూనే ఉంటుంది. ఆ మందును తయారుచేసింది ఒక తెలుగువాడని మనలో చాలామందికి తెలియదు. ఆయనే దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

ఆయన 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించారు. మచిలీపట్నంలో చదువుకొని, మద్రాసు క్రైస్తవ కళాశాలలో 1891లో పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో పట్టభద్రులు ఎక్కువగా సర్కారు కొలువుల వైపు చూసేవారు. పంతులు గారు మాత్రం వ్యాపారం వైపు నడిచారు. కలకత్తాలో మందుల వ్యాపారం మెళకువలు నేర్చుకున్నారు. తర్వాత బొంబాయి చేరి విలియమ్ అండ్ కంపెనీలో పనిచేశారు. అలా ముందు ఒకరి దగ్గర పని నేర్చుకొని, 1893లో అమృతాంజనంతో సొంత వ్యాపారం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు.

మొదట్లో దాని ధర పది అణాలు. పేరు తెలియని మందును డబ్బు పెట్టి ఎవరు కొంటారు? అందుకని సంగీత కచేరీలకు వచ్చిన వాళ్లకు ఉచితంగా పంచిపెట్టారు. వాడి చూసి గుణం తెలుసుకున్నవాళ్లే తర్వాత కొన్నారు. అలా మెల్లగా పేరు పాకింది, ఆదాయం పెరిగింది.

ఆదాయం పెరిగినప్పుడు ఆయన ఏం చేశారన్నదే మనం చూడాల్సిన సంగతి. వెంటనే నాలుగు దుకాణాలు తెరిచి నాలుగు చోట్లా అప్పుల పాలు కాలేదు. 1893 తర్వాత 15 ఏళ్లకు, 1908లో, బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రిక స్థాపించారు. మరో 6 ఏళ్లకు, 1914లో, దాన్ని మద్రాసుకు మార్చి దినపత్రికగా చేశారు. ఇంకో 10 ఏళ్లకు, 1924లో, భారతి మాసపత్రిక వచ్చింది. 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలుపెట్టి మంచి పుస్తకాలను తక్కువ ధరకు అందించారు. ఒకటి నిలబడ్డాకే మరొకటి. మందు మీద వచ్చిన డబ్బు పత్రికకు, పుస్తకాలకు, గ్రంథాలయాలకు అండగా నిలిచింది. అడిగినవారికి లేదనని చెయ్యి కాబట్టే విశ్వదాత అనే పేరు వచ్చింది.

ఉప్పు సత్యాగ్రహంలో ఆయన జైలుకు కూడా వెళ్లారు. ఆ తర్వాత కూడా ఆయన సంస్థలు నిలిచాయి. 1936లో అమృతాంజనం వ్యాపారం లిమిటెడ్ కంపెనీ అయింది. 1938 ఏప్రిల్ 11న పంతులు గారు కన్నుమూశారు. ఆ తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు బాధ్యత తీసుకున్నారు. ఆంధ్రపత్రిక 1991 దాకా నడిచింది. అమృతాంజనం ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది. యజమాని లేకపోయినా నడిచినప్పుడే వ్యాపారం నిజంగా పెరిగినట్లు.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. ఆయన కాలేజీ మెట్లెక్కిన కాలంలో మన తాతముత్తాతలకు బడి గడప తొక్కే వీలు కూడా అరుదు. ఆ తేడాను మరిచి ఆయనను పొగడనక్కరలేదు. అయినా ఆయన నడక నుంచి మనం నేర్చుకోవచ్చు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మన లింగంపల్లి చుట్టుపక్కల టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ షాపులు ఎన్నో వెలిశాయి. రేపు మనలోనూ కొందరు అలాంటి షాపు పెడతారు. గిరాకీ పెరగగానే రెండో షాపు తీసుకోవాలనిపిస్తుంది. అడ్వాన్సు, అద్దె, పనివాళ్ల జీతాలు, వడ్డీ అన్నీ ఒకేసారి మీద పడితే బాగా నడిచే మొదటి షాపు కూడా చేజారుతుంది. మన ఇళ్లలో పడిపోతే పట్టుకునే ఆస్తులు లేవు. కాబట్టి రెండో షాపుకు అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్కటి చూసుకుందాం. మనం నెల రోజులు ఊరికి వెళ్లినా మొదటి షాపు నడుస్తుందా? నడుస్తుందంటే ధైర్యంగా అడుగు వేద్దాం. లేదంటే ఇంకొంత కాలం ఆగుదాం. పంతులు గారికి ఆ మధ్యకాలం 15 ఏళ్లు పట్టింది.