టూపాక్ షకూర్

టూపాక్ అమారు షకూర్ (జూన్ 16, 1971 - సెప్టెంబర్ 13, 1996) ప్రసిద్ధి చెందిన అమెరికన్ ర్యాప్ గాయకుడు, గేయ రచయిత, నటుడు. ఇతని ఆల్బములు 2పాక్ అనే పేరుతో వెలువడ్డాయి. ఇరవై ఐదేళ్ళకే హత్యకు గురైన ఇతడు హిప్-హాప్ పాటను కథ చెప్పే సాధనంగా తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు. చరణానికి ఏది అప్పగించాలో, పల్లవికి ఏది మిగల్చాలో ఎరిగి వ్రాయడం ఇతని పాటల ప్రత్యేకత.

బాల్యం

ఇతడు న్యూయార్క్ నగరంలోని హార్లెమ్ ప్రాంతంలో జన్మించాడు. తల్లి అఫేనీ షకూర్ నల్లజాతివారి హక్కులకై పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యురాలు. కుట్ర కేసులో నిర్బంధింపబడిన ఆమె, నిండు గర్భిణిగా ఉండి కూడా తన కేసును తానే వాదించుకొని 1971 మే నెలలో నిర్దోషిగా బయటపడింది. సుమారు నెల రోజులకు టూపాక్ పుట్టాడు. పెరూ దేశంలో స్పానిష్ పాలకులపై తిరుగుబాటు చేసి 1781లో మరణశిక్షకు గురైన రెండవ టూపాక్ అమారు పేరును ఆమె కుమారునికి పెట్టింది.

కుటుంబం తరువాత బాల్టిమోర్ నగరానికి మారింది. అక్కడి కళా పాఠశాలలో ఇతడు నటన, కవిత్వం, జాజ్ సంగీతం, బాలే నృత్యం అభ్యసించాడు. 1988లో కాలిఫోర్నియాకు తరలిపోయారు. తల్లి మాదకద్రవ్యాలకు బానిస కావడంతో అతడు ఆమెకు దూరమయ్యాడు. ఈ ఎడబాటే ఇతని అత్యుత్తమ గీతానికి వస్తువైంది.

పాటల నిర్మాణం

హిప్-హాప్ పాటలో లయబద్ధంగా పలికే భాగాన్ని వర్స్ అని, మరల మరల వచ్చే భాగాన్ని కోరస్ లేక హుక్ అని అంటారు. వీటిని మన చరణంగా, పల్లవిగా భావించవచ్చు. అయితే మన కీర్తన పల్లవితో మొదలవుతుంది. ఇక్కడ అనేక పాటలు తిన్నగా చరణంతోనే ఆరంభమై, చరణం ముగిశాక గాని పల్లవిని వినిపించవు. నాలుగు దెబ్బల తాళం ఒకసారి పూర్తయితే ఒక బార్. చరణానికి 16 బార్లు, పల్లవికి 8 లేక 4 బార్లు సాధారణ ప్రమాణం. మూడు చరణాలు, వాటి నడుమ పల్లవి అనే చట్రం 1990ల నాటికి స్థిరపడింది. ధోరణి మార్చడానికి రెండవ పల్లవి తరువాత వచ్చే భాగాన్ని బ్రిడ్జి అంటారు. హిప్-హాప్‌లో అది తప్పనిసరి కాదు.

ఈ చట్రాన్ని ఇతడు మొదటి ఆల్బములోనే (2పాకలిప్స్ నౌ, 1991) అవసరాన్నిబట్టి పక్కన పెట్టాడు. పన్నెండేళ్ళ బాలిక తన పసికందును చెత్తలో పారవేసిన వార్తను చదివి వ్రాసిన "బ్రెండాస్ గాట్ ఎ బేబీ" పాటలో కథ అంతా ఒకే దీర్ఘ చరణం. మధ్యలో పల్లవి అడ్డు రాదు. పల్లవి వస్తే శ్రోతకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధి ఇక్కడ ఇవ్వకపోవడం వల్లనే కథలోని నిస్సహాయత మనసును పట్టుకుంటుంది.

"డియర్ మామా" (1995) ఇందుకు భిన్నమైనది. ఇందులో మూడు చరణాలు. మొదటి చరణంలో తల్లితో తగవులు, పేదరికం, ఆమె వ్యసనం దాపరికం లేకుండా వస్తాయి. రెండవ దానిలో తండ్రి లేని లోటు, వీధి సావాసాలు. మూడవది పూర్తిగా కృతజ్ఞత. ప్రతి చరణం తరువాత వచ్చే పల్లవి గానరూపంలో ఉండి తల్లి పట్ల ప్రేమను మాత్రమే తెలుపుతుంది. నింద చరణంలో, మన్నింపు పల్లవిలో ఉన్నందువల్ల రెండూ ఒకే పాటలో నిలువగలిగాయి. తల్లిని కీర్తించే పాటలు ఏ భాషలోనైనా కోకొల్లలు. ఆమె తప్పును చెప్పి కూడా కీర్తించినవి బహు కొద్ది.

ఇదే నేర్పును ఇతడు దూషణకూ వినియోగించాడు. 1996 నాటి "హిట్ ఎమ్ అప్" ప్రత్యర్థులపై తిట్ల వర్షమే.

వివాదాలు, మరణం

1994లో ఒక లైంగిక నేరం కేసులో ఇతడు దోషిగా తేలాడు. తీర్పుకు ముందురోజు న్యూయార్క్‌లో ఒక రికార్డింగ్ స్టూడియో వద్ద జరిగిన కాల్పులలో గాయపడ్డాడు. 1995లో జైలులో ఉండగా విడుదలైన "మీ అగైన్స్ట్ ద వరల్డ్" ఆల్బము అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానం పొందింది. "డియర్ మామా" ఇందులోనిదే. అదే సంవత్సరం అక్టోబరులో జామీనుపై విడుదలై డెత్ రో సంస్థలో చేరాడు. 27 పాటల "ఆల్ ఐజ్ ఆన్ మీ" 1996 ఫిబ్రవరిలో వెలువడింది.

1996 సెప్టెంబర్ 7న లాస్ వేగస్ నగరంలో కారులో వెళ్తుండగా ఇతనిపై కాల్పులు జరిగాయి. ఆరు రోజుల తరువాత ఆసుపత్రిలో మరణించాడు. ఈ కేసులో 2023 సెప్టెంబరులో ఒక వ్యక్తిని అరెస్టు చేసి హత్యానేరం మోపారు.

మరణానంతరం

1998లో విడుదలైన "చేంజెస్" పాటకు బ్రూస్ హార్న్స్‌బీ 1986 నాటి గీతం ఆధారం. రెండవ పల్లవి తరువాత ప్రాస విడిచి, మామూలు మాటలలో సాటివారితో మాట్లాడే భాగం ఒకటి ఉంది. బ్రిడ్జికి ఇది మంచి ఉదాహరణ. అయితే ఈ పాటకు తుదిరూపం ఇచ్చినది ఇతరులు కనుక, ఆ కూర్పు ఘనతను అంతా ఇతనికే ఆపాదించడం సరికాదు. యౌవనారంభంలో వ్రాసుకున్న కవితలు 1999లో పుస్తకంగా వచ్చాయి. "డియర్ మామా"ను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగిన ధ్వనిముద్రణల జాబితాలో చేర్చినట్లు 2010లో ప్రకటించింది. అఫేనీ షకూర్ వ్యసనం నుండి బయటపడి, కుమారుని రచనల పరిరక్షణ బాధ్యత వహించి, 2016లో మరణించింది.